రెండు తోకలు

బొగ్గును పెట్టెలోకి పంపాలంటే తోకను ముందు పంపాలి. తల ముందు పెడితే నాలుగు కాళ్లూ నాలుగు వైపులా చాచి గుమ్మానికి అడ్డం పడతాడు. నర్సు చేసి చూపించింది. ఒక చెయ్యి వాడి ఛాతీ కింద, ఇంకో చెయ్యి వెనక కాళ్ల కింద పెట్టి, పసిబిడ్డను ఉయ్యాల్లో దించినట్టు వెనక్కి దించింది. నల్లటి పిల్లి ఏం జరిగిందో తెలుసుకునేలోపు తలుపు పడిపోయింది.

"గడియ రెండుసార్లు టక్కుమనాలి వదినా. ఒక్కసారే అంటే పడనట్టే లెక్క."

వదిన నవ్వింది. "పెళ్లయిన కొత్తలో నన్ను బస్సెక్కించినప్పుడు కూడా మీ అన్నయ్య ఇంత జాగ్రత్త పడలేదమ్మాయ్."

"నువ్వు కిటికీలోంచి దూకవని ధైర్యం," అన్నాడు ఆ అన్నయ్యే, డ్రైవరు, స్టీరింగు తుడుస్తూ.

"దూకాలనిపించలేదని నేనెప్పుడన్నాను?"

ముగ్గురూ నవ్వారు. రెండో పెట్టెలో తెల్లటి ముసలిపిల్లి, పేరు పెద్దావిడ, టిక్కెట్టు కొనుక్కున్న ప్రయాణికురాల్లా కాళ్లు మడిచి కూర్చుని వాళ్లవైపు చూసింది.

నర్సుకు సముద్రం ఒడ్డునున్న ఊరి ఆసుపత్రికి బదిలీ అయింది. సామానంతా లారీలో ముందే వెళ్లిపోయింది. పిల్లులు రెండింటినీ లారీలో వేయడానికి మనసొప్పక అన్నను అడిగింది. ఆయన బతుకంతా సిటీ బస్సు నడిపి ఈ మధ్యనే రిటైరయ్యాడు. చెల్లెలు అడగడమే చాలన్నట్టు, మంచమూ పొయ్యీ స్నానాలగదీ ఉన్న పెద్ద బండిని అద్దెకు తెచ్చాడు. ఇంట్లో దానికి ఇంటిబండి అని పేరు పడింది. అందులో ఆయనకు అన్నిటికన్నా నచ్చింది పక్కగోడ. బండి ఆగాక బొత్తాం నొక్కితే ఆ గోడ, దానికి అమర్చిన బల్లతో సహా, బయటికి జరిగి చిన్న గదంత చోటిస్తుంది. బయల్దేరేముందు మళ్లీ నొక్కితే లోపలికి వచ్చేస్తుంది. డ్రైవరు దాన్ని సొరుగు అనేవాడు. దాని నేల కింద పళ్ల చక్రాలు తిరుగుతాయి.

నర్సు చెప్పిన జాగ్రత్తల్లో గట్టిగా చెప్పింది ఆ సొరుగు గురించే. "బొత్తాం మీద వేలు పెట్టేముందు రెండు తోకలూ కంటికి కనపడాలి అన్నయ్యా. చెవులు కనపడితే చాలదు, అరుపు వినపడితే చాలదు. తోకలు."

"తోకకేమిటంత పెద్దరికం?"

"పిల్లిలో చివరగా లోపలికొచ్చేది అదే గనక."

వదినది కుట్టుపని. బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. ఈ ప్రయాణం కోసం పెట్టెలు బల్లమీద కదలకుండా బిగించడానికి పటకాలు కుట్టింది. తలుపు తెరిచినప్పుడు పిల్లులు బయటికి ఉరకకుండా గుమ్మానికి వలతెర కుట్టింది. నర్సు వద్దంటున్నా పెట్టెల్లోకి దూదిపరుపులు కూడా కుట్టింది. "మందంగా ఉంటే తలుపులో పడుతుంది వదినా," అంది నర్సు. "కింద గట్టిగా ఉంటే వాటికి నడుం నెప్పెట్టదా?" అంది వదిన.

మొదటిరోజు బొగ్గు చాలాసేపు ఏడ్చాడు. ఆ తరవాత అలసిపోయి ఊరుకున్నాడు. సాయంత్రం చెట్లున్న ఒక విడిది మైదానంలో బండి ఆపారు. అలాంటి బండ్లు మరికొన్ని అక్కడ ఆగి ఉన్నాయి. తలుపు గడియవేసి, కిటికీలు చూసుకుని, అప్పుడు నర్సు పెట్టెలు తెరిచింది.

బొగ్గు నేలకు పొట్ట ఆనించి బండంతా తిరిగాడు. బల్ల కింద ఒక సందు కనపడింది. వాడు దాని ముందు ఆగి ముఖం మాత్రం లోపల పెట్టాడు. మీసాలు రెండువైపులా తగిలాయి. ఒక్క క్షణం ఆలోచించి, వెనక్కి వచ్చేశాడు.

"భయపడ్డాడా?" అంది వదిన.

"కొలుచుకున్నాడు. మీసాలు పట్టినచోట ఒళ్లు పడుతుంది. మీసాలు వంగితే వెళ్లడు. తప్పనిసరైతే తప్ప."

వదిన మెడలో కొలతటేపు ఉంది. ప్రయాణంలో కూడా అది తియ్యడం మరిచిపోయింది. ఆ టేపును చేత్తో పట్టుకుని వాడి ముఖంవంక చూస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్లుగా మనుషుల ఒళ్లు కొలుస్తోంది. ఒకసారి కొలిచి, అనుమానమొచ్చి మళ్లీ కొలుస్తుంది. అయినా చంక దగ్గర బిగుతవుతుంది. వీడికి పుట్టుకతోనే ముఖాన కొలత కుట్టి పంపారు. ఎవరి చేతిపనో అది, ఒక్క కుట్టు కూడా పైకి కనపడదు.

*

వదిన పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ప్రార్థనకు కూర్చుంటుంది. కూర్చున్నాక మాట్లాడదు, కళ్లు తెరవదు. ఒకసారి పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. ఇంకోసారి ఊరినుంచి వచ్చిన బంధువులు తలుపు కొట్టి కొట్టి అరుగుమీద కునుకు తీశారు. ఆమె కదల్లేదు. ఈ కథలు ఇంట్లో అందరూ చెప్పుకుంటారు. అది తనకు గర్వమని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. కానీ ఎవరైనా చెప్తుంటే ఆపిందీ లేదు.

ఆ వేళలో ఏదైనా అడగవలసివస్తే, అవుననో కాదనో జవాబు వచ్చేలాగే అడగడం డ్రైవరు నేర్చుకున్నాడు. ఆమె తల కిందికి ఊగితే అవును. పక్కకు తిరిగితే కాదు. తాళాలు, మందులు, పిల్లల ఫీజులు, అన్నీ ఆ తల మీదే నడిచిపోయాయి.

రెండోరోజు పొద్దున నర్సు స్నానానికి విడిదిలోని స్నానాలగదుల వైపు వెళ్లింది. వెళ్లేముందు పిల్లులను పెట్టెల్లో పెట్టబోతుంటే, "నువ్వెళ్లమ్మాయ్, నేను పెడతాను," అంది వదిన. పెద్దావిడ తనంతట తనే వెళ్లి కూర్చుంది. బొగ్గును తోక ముందుగా దించి తలుపు మూసింది. గడియ ఒకసారి టక్కుమంది. రెండోసారి కూడా అన్నట్టే అనిపించింది. వదిన మంచం చివర కూర్చుని కళ్లు మూసుకుంది.

డ్రైవరు గుమ్మంలోకి తల పెట్టాడు. "రెండూ లోపలే ఉన్నాయా?"

తల కిందికి ఊగింది. అది నిజమే. ఆ క్షణానికి రెండూ పెట్టెల్లోనే ఉన్నాయి.

ఆయన బండి దిగి, బస్సు రోజుల అలవాటుకొద్దీ చుట్టూ తిరిగి ఒక్కో టైరునూ పిడికిలితో తట్టసాగాడు. లోపల ఎక్కడో గుడ్డ ఒరుసుకున్న చప్పుడైంది. తరవాత మెత్తగా ఏదో నేలమీద పడింది. వదిన మోకాలికి బొచ్చు తగిలి, జరిగిపోయింది. ఆమెకు తెలిసింది. తెలియకపోలేదు. ఇంకొక్క వాక్యం ఉంది, అది పూర్తికాగానే లేస్తాను అనుకుంది.

డ్రైవరు పైకొచ్చి బొత్తాం నొక్కాడు.

గోడ మూలుగుతూ కదిలింది. సగం దూరం వచ్చిందో లేదో, దాని అడుగునుంచి ఒక కేక వినిపించింది. పిల్లి గొంతులో అలాంటిది ఉంటుందని ఎవరికీ తెలియదు. కాలు బ్రేకు మీద పడ్డంత వేగంగా ఆయన వేలు బొత్తాం మీదినుంచి లేచింది. గోడ ఆగిపోయింది. బొగ్గు పెట్టె తలుపు తెరుచుకుని ఉంది. గడియకూ చట్రానికీ మధ్య దూదిపరుపు అంచు ఇరుక్కుని ఉంది.

నర్సు తడిజుట్టుతో పరుగెత్తుకొచ్చింది. నేలమీద పడుకుని టార్చి వేసింది. వైర్లు, ఇనుపరేకు, చీకటి. "బొగ్గూ," అంది. లోపల ఎక్కడో గోరు గీరుకుంది. అంటే ప్రాణం ఉంది. ఆమె లేచి అన్న ముఖంలోకి చూసింది.

"తోకలు చూశావా?"

డ్రైవరు భార్యవైపు చూడలేదు. "లేదు," అన్నాడు.

"నీకు అంతా ఆటే. బొత్తాం దొరికితే నొక్కడమే. ఎంతమందిని ఎక్కించుకుని నడిపావో ఆ బస్సు, దేవుడే నడిపుంటాడు."

ఆయన మారు మాట్లాడలేదు. బస్సు మాటెత్తితే ఊరుకునే మనిషి కాదు. వదిన నోరు తెరిచింది. ఆ ఒక్క వాక్యం ఇంకా నాలుకమీదే ఉంది. దాని వెనక మరో మాట రాలేదు.

*

విడిదిని చూసుకునే కాపలాదారు దగ్గర్లోని షెడ్డునుంచి మెకానిక్కును పిలిపించాడు. మెకానిక్కు ముందుగా బ్యాటరీ వైరు పీకి పక్కన పెట్టాడు. "ఇంక ఎవరు నొక్కినా కదలదు. అది మాత్రం నాది గ్యారంటీ." తరవాత బల్ల కింది అరను విప్పి తీశాడు. వెనక అరచెయ్యి వెడల్పు సందు బయటపడింది. దాంట్లోకి తొంగిచూసి తల గోక్కున్నాడు.

"గోడను బయటికి తోస్తే రేకు విప్పొచ్చు. కానీ తోస్తే చక్రాలు తిరుగుతాయి. వాడు ఏ పక్కనున్నాడో తెలీకుండా ఎటు తోసినా ఎటో అవుతుంది. ఇంజన్లో ఎలకలను తీశానమ్మా. ఇది నాకు కొత్త."

"మరేం చెయ్యాలి?" అన్నాడు డ్రైవరు.

"వాడంతట వాడు రావాలి."

ఎండ ఎక్కుతోంది. ఆ గోడ తూర్పువైపు ఉంది. లోపల రేకు ఎంత వేడెక్కుతుందో తలుచుకుని నర్సు పెదవి కొరుక్కుంది. "నోరు తెరిచి ఊపిరి తీశాడంటే ఇంక మనకు టైం లేనట్టే," అంది. డ్రైవరు దుప్పట్లు తడిపి బయట గోడమీద వేలాడేశాడు. అవి ఆరుతుంటే బకెట్టుతో మళ్లీ తడిపాడు. ఎవరూ చెప్పకుండానే ఆ పని పట్టుకుని, తిండికి పిలిచినా రాలేదు. చెల్లెలికి కనపడకుండా గోడకు అటువైపే తిరిగాడు.

లోపల నర్సు చేపముక్క పెట్టింది, నీళ్లు పెట్టింది, పిలిచింది, బతిమాలింది, తిట్టింది. బొగ్గు రాలేదు. బయట ఏ చిన్న చప్పుడైనా లోపల గీరుడు ఇంకా దూరం జరిగేది. నీళ్ల మోటారు హోరు, పక్క బండిలో టీవీ, ఎవరో సామాను సర్దుతున్న చప్పుడు.

మధ్యాహ్నం కాపలాదారు వచ్చాడు. ఖాళీ చెయ్యమని చెప్పడానికే వచ్చాడు, తరవాతి వాళ్లు గేటు దగ్గర ఆగి ఉన్నారు. గుమ్మంలో వలతెర పక్కకు తీసి చూశాడు. నేలమీద ఇద్దరాడవాళ్లు గోడకు చెవులానించి పడుకుని ఉన్నారు. ఆయన ఏమీ అడక్కుండా వెనక్కి వెళ్లాడు. కాసేపటికి నీళ్ల మోటారు ఆగిపోయింది. తరవాత టీవీ ఆగింది. ఎవరో ఎవరికో చెప్పినట్టున్నారు, ఒక్కో చప్పుడే రాలిపోతూ వచ్చింది. చివరికి మైదానమంతా ఒక్క మనిషి ఊపిరి బిగపట్టినట్టయింది.

అంత నిశ్శబ్దం వదిన ఎప్పుడూ వినలేదు. ఇన్నేళ్లు కళ్లు మూసుకుని కూర్చున్నా, తన మాటలు తనకు వినపడుతూనే ఉండేవి. ఇప్పుడు మాటల్లేవు. రేకు వెనకనుంచి, ఎంతో దూరంనుంచి, సన్నగా ఊపిరి వినిపించింది. లోపలికి, బయటికి. పిడికెడు ప్రాణి ఇంత చీకట్లో ఊపిరి తీయడం ఆపకుండా ఉంది. దాన్ని ఎవరు లెక్కపెడుతున్నారు? పొద్దున తను లేవనప్పుడు కూడా లెక్కపెడుతూనే ఉన్నారా?

ఎండ దిగింది. నర్సు చేతిగడియారం చూసి మెల్లగా అంది, "వదినా, నీ ప్రార్థన వేళయింది. నువ్వెళ్లు. నేను చూస్తుంటాను."

"ఉండనీ."

నర్సు తల తిప్పి చూసింది. ఈ మాట ఆ ఇంట్లో ఎవరూ విని ఎరగరు.

"మీ అన్నయ్య అడిగాడమ్మాయ్," అంది వదిన నేలవైపు చూస్తూ. "రెండూ ఉన్నాయా అని అడిగాడు. నేను తలూపాను. అప్పటికి ఉన్నాయి. తరవాత వీడు నా మోకాలు రాసుకుంటూ పోయాడు. నాకు తెలిసింది. ఇంకొక్క వాక్యం అయ్యాక లేద్దామనుకున్నాను."

బయట బకెట్టు చప్పుడు ఆగింది.

నర్సు గోడకు ఆనించిన చెవి తీసింది. "ఇప్పుడెందుకు చెప్తున్నావు? వాడొచ్చాక చెప్తే పోయేదిగా. అప్పుడు నేను సంతోషంలో ఉండేదాన్ని. ఏమీ అనేదాన్ని కాదు."

"అందుకే ఇప్పుడే చెప్తున్నా."

నర్సు లేచి వెళ్లిపోతుందనుకుంది వదిన. నర్సు వెళ్లలేదు, ఓదార్చనూ లేదు. "నీ చెయ్యి నాకన్నా సన్నం," అంది ఎటో చూస్తూ. "గాజులు తీసేసి లోపల పెట్టు. ఊరికే పెట్టు, వెతక్కు."

వదిన గాజులు తీసి, మెడలోని టేపు తీసి, నేలమీద బోర్లా పడుకుంది. సందులోకి చెయ్యి భుజందాకా పోనిచ్చి అరచెయ్యి పైకి తెరిచి ఉంచింది. రేకు వెచ్చగా తగిలింది. భుజం నెప్పెట్టింది, తిమ్మిరెక్కింది. కదల్చలేదు.

నర్సు గుమ్మానికి వలతెర బిగించి పెద్దావిడ పెట్టె తెరిచింది. ముసలిపిల్లి దిగి ఒళ్లు విరుచుకుంది. సందు దగ్గరకు వెళుతుందనుకున్నారు. వెళ్లలేదు. వదిన నడుంమీదికి ఎక్కి, రెండుసార్లు గుండ్రంగా తిరిగి, బరువుగా పడుకుంది. బొగ్గు ఇంటికొచ్చిన రోజునుంచీ వాణ్ణి చూస్తే బుసకొట్టే మనిషి. కళ్లు మూసుకుని గురగుర మొదలుపెట్టింది.

"దించనా?" అంది నర్సు గుసగుసగా.

వదిన తల పక్కకు తిప్పింది. వద్దు.

ఆ గురగుర వదిన వెన్నులోకి దిగింది. పక్కటెముకల్లోకి, అక్కడినుంచి భుజంలోకి, చేతిలోకి. తన ఒళ్లు ఒక తీగలాగా, పైనున్న ప్రాణి మాట లోపలున్న ప్రాణికి మోస్తున్నట్టనిపించింది. ఆమె చేసిందేమీ లేదు, అడ్డు లేకుండా పడుకోవడం తప్ప.

మణికట్టుకు ఏదో తగిలింది.

దారంకన్నా సన్నంగా ఉంది. మణికట్టుకు ఒకవైపు తగిలి ఆగింది. తరవాత రెండోవైపు. కొలుచుకుంటున్నాడు. బతుకంతా కొలిచిన చెయ్యి ఇప్పుడు కొలతకు నిలబడింది. ఊపిరి వేలికి తగిలింది, నోరు మూసుకునే తీస్తున్న ఊపిరి. వదిన కళ్లు తెరుచుకునే ఉన్నాయి, కానీ ఏమీ కనపడలేదు, నీళ్లు.

"మెల్లగా తీసెయ్," అంది నర్సు. "దారివ్వు."

చెయ్యి అంగుళం అంగుళంగా వెనక్కి వచ్చింది. దాని వెంట ఒక ముక్కు వచ్చింది. మీసాలు వంగాయి, వెనక్కి పడుకున్నాయి. తల వచ్చింది. ఆ సందులో అంత తల ఎలా పట్టిందో ఎవరికీ అర్థం కాలేదు. ఒక భుజం ముందు, మరో భుజం తరవాత. మిగతా ఒళ్లు నీళ్లు ఒంపినట్టు నేలమీదికి జారింది. అన్నిటికన్నా చివర తోక.

నర్సు వాడిని తువ్వాల్లో చుట్టి ఒళ్లంతా తడిమి చూసింది. చెవికి గ్రీజు. కాళ్లు బాగున్నాయి. తోక చివర మాత్రం బొచ్చు లేదు. చక్రం పన్ను కొరికి పట్టుకుపోయింది. కింద చర్మం గులాబీరంగులో, గీత కూడా పడకుండా ఉంది.

వదిన పడుకునే ఆ చోటును చూపుడువేలితో తాకింది. ఇనపపంటికీ ఎముకకూ మధ్య ఒక్క బొచ్చుపోగు దూరం. ఆ దూరాన్ని ఎవరు కొలిచి పెట్టారు? తన ప్రార్థనా? ఆ ప్రార్థన ఆగనందుకే కదా అంతా జరిగింది. ఆమెకు తెలియలేదు. తెలియకుండానే చేతులు రెండూ దగ్గరికి వచ్చాయి.

గుమ్మంలో వలతెరకు అవతల డ్రైవరు తడిచేతులతో నిలబడి ఉన్నాడు. నర్సు ఆయనను పైనుంచి కిందిదాకా చూసింది.

"చెప్పొచ్చుగా అన్నయ్యా."

"ఏం చెప్పను? బొత్తాం నొక్కింది నా వేలేగా." ఆయన వదినవైపు చూశాడు. "లే. పెద్దావిడ దిగేలా లేదు, నడుం మీదే కాపురం పెట్టింది."

మైదానంలో ఎవరో నీళ్ల మోటారు వేశారు.

*

మర్నాడు పొద్దున మెకానిక్కు వచ్చి అర బిగించి, వైరు కలిపి వెళ్లాడు. దూదిపరుపులు రెండూ తీసి వదిన పై అరలో పెట్టేసింది. బొగ్గును నర్సే పెట్టెలో దించింది. గడియ రెండుసార్లు టక్కుమంది. తరవాత నర్సు చెత్తసంచీ పారేసి రావడానికి బయటికెళ్లింది. వదిన మంచం చివర కూర్చుని కళ్లు మూసుకుంది.

డ్రైవరు టైర్లన్నీ తట్టి, మెట్టెక్కి, బొత్తాం దగ్గర నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. అడగాలా వద్దా అన్నట్టు గొంతు సవరించుకున్నాడు.

"రెండూ లోపలే ఉన్నాయా?"

తల కిందికి ఊగలేదు. పక్కకూ తిరగలేదు. వదిన కళ్లు తెరిచింది. లేచి, ఒక చేత్తో చీర కుచ్చెళ్లు పట్టుకుని నేలమీద కూర్చుంది. ఒక్కో గడియనూ లాగి చూసింది. పెద్దావిడ పెట్టెలోకి వేలు పెట్టింది. తెల్లతోక ఆ వేలును కొట్టింది. రెండో పెట్టెలోకి పెట్టింది. బోడితోక మెల్లగా దాని చుట్టూ చుట్టుకుంది.

"ఉన్నాయండీ," అంది.

డ్రైవరు బొత్తాం మీద వేలు పెట్టలేదు. ఆ వేళలో ఆమె గొంతు ఎలా ఉంటుందో ఇన్నేళ్ల కాపురంలో ఆయనకు తెలియదు. మళ్లీ వింటాడేమో అన్నట్టు నిలబడ్డాడు.

"ఎక్కడిదాకా వచ్చావు?" అన్నాడు చివరికి. "ప్రార్థన సగంలో ఆపేశావా?"

వదిన ఒక్క క్షణం ఆలోచించింది. వేలు ఇంకా పెట్టెలోనే ఉంది.

"ఆగలేదు," అంది. "నొక్కండి."